మూడు గంటల పెళ్ళి వీడియో ఒక్క డీవీడీలో: ఎంత పడుతుంది, బొమ్మ ఎక్కడ చెడుతుంది

మద్రాసులో తెలుగువాళ్ళ పెళ్ళి తీస్తే స్నాతకం నుంచి అప్పగింతల దాకా కెమెరా ఆగదు. ఎడిటింగ్ అయ్యాక కూడా మూడు గంటలకి తక్కువ మిగలదు. కుర్రాళ్ళకి ఫోన్లో లింకు పంపితే సరిపోతుంది. నెల్లూరులోనో చిత్తూరులోనో ఉన్న పెద్దవాళ్ళు మాత్రం టీవీ కింద ఉన్న ప్లేయర్లో డిస్కు పెట్టుకునే చూస్తారు. ఆ డిస్కులో తాళి కట్టే ఘట్టం గళ్ళు గళ్ళుగా విరిగిపోతే వాళ్ళకి ఇంకో కాపీ ఎక్కడా ఉండదు. అందుకే ఈ పని జాగ్రత్తగా చేయాలి.

ముందు లెక్క. మామూలు సింగిల్ లేయర్ డిస్కు మీద 4.7 జీబీ అని రాసి ఉంటుంది. అంటే 470 కోట్ల బైట్లు. అదే డిస్కుని విండోస్ 4.37 జీబీ అని చూపిస్తుంది, ఎందుకంటే అది 1024 లెక్కన భాగిస్తుంది. డిస్కు లోపలి నుంచి బయటి అంచు వైపుకి రాస్తుంది, తప్పులు ఎక్కువగా వచ్చేది ఆ చివరి అంచులోనే. కాబట్టి అంచుదాకా నింపకుండా విండోస్ లెక్కలో 4.3 దగ్గర ఆపేయాలి. అది సుమారు 462 కోట్ల బైట్లు. వీడియో, ఆడియో కలిపి వీఓబీ ఫైళ్ళుగా కట్టేటప్పుడు అయ్యే అదనపు బరువుకి 4 శాతం తీసేయండి. మిగిలినదాన్ని బిట్లలోకి మార్చి నిమిషాలకి కుదిస్తే ఒక అంకె తేలుతుంది: 590. ఈ 590ని మీ వీడియో నిమిషాలతో భాగిస్తే సెకనుకి ఎన్ని మెగాబిట్లు వాడుకోవచ్చో వస్తుంది. ఇందులో ఆడియో కూడా కలిసే ఉంటుంది.

90 నిమిషాలకి 6.6. రెండు గంటలకి 4.9. రెండున్నర గంటలకి 3.9. మూడు గంటలకి 3.3. నాలుగు గంటలకి 2.5. గంట లోపు వీడియోకి లెక్క 10కి దగ్గరగా వచ్చినా అంత ఇవ్వకండి. డీవీడీ ప్రమాణం వీడియోకి 9.8 దాకా ఒప్పుకుంటుంది గానీ, ఇంట్లో బర్న్ చేసిన డిస్కు మీద అంత వేగం పాత ప్లేయర్లు తట్టుకోలేక మధ్యమధ్యలో ఆగిపోతాయి. గరిష్ఠం 8 దగ్గర పెట్టండి.

ఈ అంకెల్లో ఏది మంచిది, ఏది కాదు? 720×576 సైజులో, రెండు కెమెరాలతో తీసిన ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమునీ సరి గీతలు, బేసి గీతలు అని రెండు ఫీల్డులుగా తీసే) పెళ్ళి వీడియోకి 5 పైన ఉంటే ఏ బెంగా అక్కర్లేదు. 4 నుంచి 5 మధ్య కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే చాలు. 3.5 అంచు మీద నడక. అంతకంటే కిందకి వెళ్తే, కదలిక ఎక్కువున్న చోట, వీడియోని కుదించే ఎన్‌కోడరు ఎంత మంచిదైనా చేతులెత్తేస్తుంది. మూడు గంటల వీడియో సరిగ్గా ఈ గీత దగ్గరే వచ్చి పడుతుంది కాబట్టి, కింద చెప్పేవన్నీ ఆ గీతకి ఇవతల ఉండిపోవడానికే.

తేలిగ్గా దొరికే చోటు ఆడియో. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏమీ చెప్పకపోతే ఆడియోని పీసీఎమ్‌గా, అంటే అసలు కుదించకుండా 1,536 కేబీపీఎస్‌లో (సెకనుకి 1,536 వేల బిట్లు) పెడతాయి. మూడు గంటలకి అదొక్కటే 2 జీబీ పైచిలుకు మింగేస్తుంది, దాదాపు డిస్కులో సగం. అదే డాల్బీ ఏసీ3లో 192 కేబీపీఎస్ పెడితే 260 ఎంబీతో పోతుంది. పెళ్ళిలో మాటలూ మంత్రాలే ఎక్కువైతే 192 చాలు. సన్నాయి, డోలు దగ్గర మైకు పెట్టి బాగా రికార్డు చేసుకుని ఉంటే 224 ఇవ్వండి, ఆ నాదానికి అది న్యాయం. ఏసీ3 సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఒకటుంటుంది. దాన్ని ఆపేయండి. ఆపకపోతే గట్టిమేళం మోగినప్పుడల్లా గొంతు నొక్కేసినట్టు శబ్దం పడిపోయి, ఆగాక మంత్రాలు ఉబికి వస్తాయి. డైలాగ్ నార్మలైజేషన్ మైనస్ 31 దగ్గర ఉంచితే ప్లేయరు మీ శబ్దం జోలికి రాదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎన్‌కోడ్ చేసేవాళ్ళకి ఇక్కడ ఒక హెచ్చరిక. టార్గెట్ పాల్ డీవీడీ (పాల్ అంటే మన టీవీల పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు) అని ఒక్క మాట ఇచ్చి వదిలేస్తే అది వీడియోకి 6,000, ఏసీ3కి 448 కేబీపీఎస్ తనంతట తానే తీసుకుంటుంది. మూడు గంటలకి అది 8.7 జీబీ అవుతుంది. సింగిల్ లేయర్ మాట దేవుడెరుగు, డబుల్ లేయర్ డిస్కులో కూడా పట్టదు. ఆ రెండు అంకెలూ మీరే విడిగా ఇవ్వాలి.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2. అది ఒక బొమ్మని పూర్తిగా దాచుకుని, తర్వాత వచ్చే బొమ్మల్లో ఏం మారిందో అదొక్కటే రాసుకుంటుంది. పాల్‌లో ఈ గుంపు 15 ఫ్రేములకి మించకూడదు, అంటే సెకనులో సగం కంటే కొంచెం ఎక్కువ. మండపం వెనక పూలతెర కదలకుండా ఉంటే దానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. రిసెప్షన్లో స్టాండు మీద పెట్టిన కెమెరా ముందు జనం వరసగా వచ్చి కవర్లు ఇచ్చి పోతుంటే అది కూడా చౌకే.

తలంబ్రాలు అలా కాదు. ఎన్‌కోడరు బొమ్మని 16×16 చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడి ముందు ఫ్రేములో ఎక్కడుందో వెతుక్కుంటుంది. చెయ్యి కదిలితే గడి ఎటు జరిగిందో దానికి దొరుకుతుంది. రెండు దోసిళ్ళ బియ్యం, ముత్యాలు, థర్మాకోల్ పూసలు ఒకేసారి తలల మీద పడుతుంటే ఒక్క గడిలోనే పది గింజలు పది దిక్కులకి పోతాయి. ముందు ఫ్రేములో వాటి జాడే ఉండదు. దానికి తోడు సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్లందరూ ఫ్లాష్ కొడతారు. ఫ్లాష్ పడ్డ ఫ్రేము మొత్తం తెల్లబడుతుంది, ముందు ఫ్రేముతో పోలికే ఉండదు కాబట్టి దాన్ని మళ్ళీ మొదటి నుంచి రాయాలి. తర్వాతి ఫ్రేము మామూలు వెలుగుకి వస్తుంది, దాన్నీ మొదటి నుంచి రాయాలి. బిట్లు చాలక మొహాలు పెంకుల్లా విరిగేది ఇక్కడే. 3 మెగాబిట్ల దగ్గర ఆపి చూస్తే గింజ గింజగా ఉండాల్సిన బియ్యం తెల్లటి మరకలా కనిపిస్తుంది, వధువు కనురెప్పలు చెంపతో కలిసిపోతాయి.

అందుకే ఒకే రేటుని మొదటి నుంచి చివరిదాకా పరిచే సీబీఆర్ వద్దు. అవసరాన్ని బట్టి రేటు మార్చుకునే టూ-పాస్ వీబీఆర్ పెట్టండి. మొదటి పాస్‌లో ఎక్కడ కష్టముందో రాసుకుంటుంది, రెండో పాస్‌లో రిసెప్షన్ దగ్గర మిగిల్చింది తెచ్చి తలంబ్రాల మీద పెడుతుంది. రెట్టింపు సమయం పడుతుంది, పట్టనివ్వండి. హెచ్‌సీఎన్‌క్ ఉచితంగా దొరికే ఎంపెగ్-2 ఎన్‌కోడరు, తక్కువ రేట్ల దగ్గర బాగా నిలబడుతుంది. సగటు మీ లెక్కలో వచ్చింది, గరిష్ఠం 8,000, జీఓపీ (పైన చెప్పిన ఫ్రేముల గుంపు) 15. ఈ మూడూ సరిగ్గా పెడితే మిగతావి ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చు.

టూ-పాస్‌కి కూడా ఒకటి తెలియదు. ఏది కష్టమో చెప్పగలదు గానీ ఏది ముఖ్యమో చెప్పలేదు. డైనింగ్ హాల్లో కెమెరా చేత్తో పట్టుకుని విస్తళ్ళ మీదుగా ఊపుకుంటూ పోతే అది దానికి చాలా కష్టమైన షాటు, కాబట్టి తాళి దగ్గర ఖర్చు పెట్టాల్సిన బిట్లు సాంబారు బకెట్టు మీద పోస్తుంది. దీనికి మందు వీడియోని రెండు ముక్కలుగా ఎన్‌కోడ్ చేయడం. ఉదాహరణకి మొత్తం 150 నిమిషాలు, అందులో జీలకర్రా బెల్లం నుంచి తలంబ్రాల దాకా 30 నిమిషాలు అనుకోండి. ఆ ముప్పైకి 6 చొప్పున ఇస్తే 590లో 180 ఖర్చు. మిగిలిన 410ని 120 నిమిషాలకి పంచితే 3.4. ఆడియో 192 తీస్తే వీడియోకి 3,200 చిల్లర. మిగతా పెళ్ళి ఆ రేటుకి మర్యాదగానే ఉంటుంది, ముహూర్తం మాత్రం నిగనిగలాడుతుంది. ఇదే లెక్క 190 నిమిషాలకి వేస్తే మిగిలినదానికి 2.6 కూడా రాదు. అది ఒక్క డిస్కులో చేయవద్దు. లెక్క కుదరలేదని తెలిసీ నొక్కి పెట్టడం చూసేవాళ్ళకి అన్యాయం.

కాబట్టి కోత తప్పదు. నిడివి ఒక్కటే కాదు, ఎడిటింగ్‌లో వేసే అలంకారాలు కూడా బరువే. ఒక షాటు కరుగుతూ ఇంకో షాటులోకి మారే డిజాల్వులు, తెర మీద రాలే గులాబీ రేకులు, గిర్రున తిరిగే హృదయాకారాలు, ఇవన్నీ తలంబ్రాల లాంటి శిక్షే ఎన్‌కోడరుకి. తిన్నగా కట్ చేయండి. కదిలే మెనూ తీసేసి ఒక మంచి ఫొటోతో నిలకడ మెనూ పెట్టండి. ఫ్లాష్‌లు మరీ ఎక్కువ పడ్డ చోట రెండో కెమెరా పక్క నుంచి తీసింది ఉంటే అది వాడండి, పక్క నుంచి చూసే కెమెరాకి ఫ్లాష్ దెబ్బ తక్కువ.

కోత కన్నా ఎక్కువ మిగిల్చేది నాయిస్ తీయడం. తెల్లవారుజాము ముహూర్తానికి మండపంలో వెలుతురు చాలక కెమెరా గెయిన్ పెంచుకుంటుంది, నల్లటి జుట్టులో, నీడల్లో చీమలు పాకినట్టు చుక్కలు కదులుతాయి. ఆ చుక్కలు ప్రతి ఫ్రేములోనూ కొత్తవే. ఎన్‌కోడరు దృష్టిలో మూడు గంటలపాటూ తలంబ్రాలు పడుతున్నట్టే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టరుంది. దాని మామూలు విలువలు 4, 3, 6. పెళ్ళి వీడియోకి వాటిలో సగంతో మొదలుపెట్టండి. ఎక్కువ పెడితే అమ్మాయి మొహం మీద సున్నం వేసినట్టవుతుంది, చెయ్యి కదిలితే వెనక నీడ మిగులుతుంది. పట్టుచీర అంచు జరీలో పోగులు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా చూసి అక్కడ ఆగండి. పాత వీహెచ్ఎస్ టేపు నుంచి ఎక్కించినదైతే బొమ్మ అడుగున కొన్ని గీతలు వంకర్లు పోతుంటాయి. ఆ కింది 16 లైన్లూ నల్లగా కప్పేయండి, సరిగ్గా ఒక గడి వరస. పాత టీవీలు ఎలాగూ అంచుల్ని చూపించవు.

సైజు తగ్గించి గట్టెక్కే దారి ఒకటి పుస్తకాల్లో కనిపిస్తుంది, 352×576. అడ్డంగా సగం చుక్కలు, నిలువు లైన్లు అలాగే ఉంటాయి. 2.5 మెగాబిట్ల దగ్గర గళ్ళు పడే కంటే కొంచెం మెత్తబడిన బొమ్మే నయం, అది నిజమే. పాత 4:3 టేపులకి నిస్సంకోచంగా వాడుకోవచ్చు. 16:9 వీడియోకి మాత్రం డీవీడీ ప్రమాణం ఆ సైజుని ఒప్పుకోదు. ఇప్పుడు తీసేవన్నీ వెడల్పువే కాబట్టి ఆ తలుపు మూసుకున్నట్టే.

హెచ్‌డీ నుంచి కిందకి దించేటప్పుడు బిట్లతో సంబంధం లేకుండా పాడయ్యేవి మూడున్నాయి. ఒకటి ఫీల్డుల వరస. 1080 ఇంటర్లేస్డ్ కెమెరాల్లో పై ఫీల్డు ముందు, పాత మినీ డీవీ టేపుల్లో కింది ఫీల్డు ముందు. తారుమారైతే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కంప్యూటర్లో ఇది కనిపించదు, అది ఫీల్డుల్ని కలిపేసి చూపిస్తుంది. టీవీలోనే తెలుస్తుంది. స్కేల్ చేసేటప్పుడు కూడా ఇంటర్లేస్డ్ అని చెప్పి తీరాలి, లేకపోతే రెండు ఫీల్డులూ ఒకదాంట్లో ఒకటి కలిసి దువ్వెన పళ్ళు పడతాయి. రెండోది రంగు. హెచ్‌డీకి 709, డీవీడీకి 601 అని రంగుల లెక్క వేరు. మార్చకుండా దించితే చిలకపచ్చ చీర పచ్చదనం, కుంకుమ ఎరుపు రెండూ కొంచెం పక్కకి పోతాయి. మూడోది ఎరుపే. డీవీడీలో రంగుకి, వెలుగులో నాలుగో వంతు చుక్కలే ఉంటాయి. తాళి కట్టే వేళకి కట్టుకునే మధుపర్కాలు తెల్లటి బట్ట, ఎర్రటి అంచు. సరిగ్గా ఆ గీత మీదే ఎరుపు తెలుపులోకి మెట్లు మెట్లుగా కారుతుంది. ఎరుపు ఒక్కదాని గాఢత 5 నుంచి 10 శాతం తగ్గించి, తెలుపు వీడియో వెలుగు కొలతలో 235 దాటకుండా చూస్తే ఆ అంచు నిలబడుతుంది.

ఫోన్లో తీసినవి కలుస్తుంటే ఇంకో చిక్కు. చాలా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, అదీ స్థిరంగా కాదు, వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గించేస్తాయి. అలాగే ఎన్‌కోడ్ చేస్తే అరగంటకి మంత్రం ఒకచోట, పెదవులు ఒకచోట. ముందు స్థిరమైన రేటుకి మార్చుకోండి. మొత్తం ఫోన్ వీడియోనే అయితే పాల్ కోసం 25కి లాగి కుదుపులు తెచ్చుకునే బదులు అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ డీవీడీ చేయండి, 720×480, 29.97 ఫ్రేములు. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడతాయి.

చాలామంది చేసే తప్పు ఒకటి. ముందు 8 మెగాబిట్లలో దర్జాగా ఎన్‌కోడ్ చేసి, పట్టలేదని డీవీడీ ష్రింక్ అనే కుదించే సాఫ్ట్‌వేరులో వేసి నొక్కడం. అప్పటికే ఒకసారి కుదించినదాన్ని రెండోసారి పిండుతుంది, రెండు నష్టాలు పేరుకుంటాయి. లెక్క ప్రకారం నేరుగా ఒకేసారి ఎన్‌కోడ్ చేయండి. ఆఖర్న ఓ 50 ఎంబీ ఎక్కువై పట్టలేదంటే అప్పుడు ష్రింక్ వాడుకోవచ్చు, ఒకటి రెండు శాతానికి ఏమీ తెలియదు.

కత్తిరించడానికి మనసొప్పని 190 నిమిషాలకి రెండు దారులు. డబుల్ లేయర్ డిస్కుకి 590 బదులు 1,070 తీసుకోండి, 5.6 వస్తుంది, హాయిగా సరిపోతుంది. డీవీడీ ప్లస్ ఆర్ డీఎల్ తీసుకుని, డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ సాఫ్ట్‌వేరులో బుక్‌టైప్‌ని (ఇది ఏ రకం డిస్కో ప్లేయరుకి చెప్పే గుర్తు) డీవీడీ-రోమ్‌గా మార్చి రాస్తే పాత ప్లేయర్లు కూడా ఎక్కువగా ఒప్పుకుంటాయి. ఒక పొర నుంచి రెండో పొరకి మారే చోట బొమ్మ ఓ క్షణం ఆగుతుంది. ఆ చోటు ఛాప్టరు హద్దు మీదే పడాలి, మొదటి పొర రెండోదానికంటే చిన్నదిగా ఉండకూడదు. కాబట్టి సగం దాటాక ఒక ఛాప్టరు తప్పకుండా పెట్టుకోండి, సప్తపది అయ్యి అరుంధతిని చూపించడానికి బయటికి నడిచే చోటు లాంటిది. రెండో దారి రెండు డిస్కులు. స్నాతకం, గౌరీ పూజ, ఎదురుకోలు మొదటిదాంట్లో, ముహూర్తం నుంచి అప్పగింతల దాకా రెండోదాంట్లో. ముహూర్తం మధ్యలో లేచి డిస్కు మార్చమని ఎవర్నీ అడక్కూడదు. పంచుకోవాల్సిన కాపీలు ఎక్కువైతే రెండో దారే మేలు, సింగిల్ లేయర్ డిస్కు దాదాపు ఏ ప్లేయరైనా చదువుతుంది.

మొత్తం ఎన్‌కోడ్ చేసే ముందు మూడు నిమిషాల ముక్క కోయండి: నిమిషం తలంబ్రాలు, నిమిషం జరీ అంచు క్లోజప్, నిమిషం హోమం పొగ. పొగ కూడా గళ్ళకి దొరకని కదలికే. మీ లెక్కలో వచ్చిన రేటుకే ఎన్‌కోడ్ చేసి, చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద వేసి, ల్యాప్‌టాప్‌లో కాదు, టీవీలో చూడండి. ఆ మూడు నిమిషాలు నిలబడితే మిగతా మూడు గంటలూ నిలబడతాయి.

డిస్కులు మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో యాభైల కట్టలో చౌకగా వస్తాయి. డ్రైవులో పెట్టి ఇమ్‌గ్‌బర్న్ తెరిస్తే అసలు తయారీదారు కోడు కనిపిస్తుంది, డబ్బా మీది పేరుని బట్టి కాక ఆ కోడుని బట్టి కొనండి. ఒక కట్ట కొనే ముందు రెండు తెచ్చి రాసి చూడండి. 16ఎక్స్ డిస్కుని 8ఎక్స్‌లో, డబుల్ లేయర్‌ని 4ఎక్స్‌కి మించకుండా రాయండి. వెరిఫై టిక్కు ఎప్పుడూ తీసేయకండి.

పైన కాగితం స్టిక్కరు అతికించవద్దు. మన సముద్రపు గాలి తేమకి అది ఒక పక్క ఉబ్బుతుంది, తిరిగేటప్పుడు డిస్కు తూగుతుంది, ప్లేయరు చివరి అరగంట చదవలేకపోతుంది, అంటే సరిగ్గా అప్పగింతలు. డిస్కుల కోసం అమ్మే మెత్తటి మొన మార్కరుతో, మధ్య పారదర్శకంగా ఉండే రింగు మీద పేర్లూ తేదీ రాసి, డబ్బాలో నిలువుగా పెట్టండి. ఎడిట్ చేసిన హెచ్‌డీ ఫైలుని రెండు వేరే హార్డ్ డిస్కుల మీద ఉంచండి. ఈ డీవీడీ గీతలు పడి పోయిన రోజున మళ్ళీ చేయడానికి ఆ ఫైలే కావాలి.